గెడ్డలో పురుగుల్ని చూసి నీళ్ళ ఆరోగ్యం చెప్పొచ్చా? చెప్పొచ్చు, కానీ ఒక్కచోట చూసి కాదు

మీ ప్రశ్న ఇది: విశాఖ శివారులో మీ కాలనీ వెనక, కొండ మీంచి దిగే చిన్న గెడ్డ (వాగు) ఉంది. రెండు కాలనీల మురుగు కాలువలు, ఒక కార్ల వాషింగ్ షెడ్డు నీళ్ళు అందులో కలుస్తున్నాయి. నీళ్ళు ల్యాబుకి పంపితే అంతా పరిమితుల్లోనే ఉందని రిపోర్టు వచ్చింది. వాసన, నల్లబురద మాత్రం అలాగే ఉన్నాయి. నీటి పురుగుల్ని పట్టి గెడ్డ ఆరోగ్యం చెప్పొచ్చట కదా, మామూలు జనం చేయగలిగేదేనా అని అడిగారు.

చేయగలరు. ఒక వల, తెల్ల పళ్ళెం, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, కాస్త ఓపిక ఉంటే చాలు. అయితే కాలనీ వెనక ఒక్కచోట వల పెట్టి, దొరికినవాటికి మార్కులు వేసి "మా గెడ్డకి ఇన్ని మార్కులు" అంటే దాంతో ఏమీ తేలదు. కాలువలు కలవకముందు ఒకచోట, కలిశాక ఒకచోట, ఇంకా కిందికి వెళ్ళాక ఒకచోట పట్టాలి. మూడుచోట్లా ఒకే రకం అడుగు, ఒకే వల, ఒకే సేపు. పైన ఉండి కింద లేకుండా పోయిన పురుగులు ఏవి అన్నదే మీకు కావలసిన ఫలితం. కింద ఎన్ని రకాలు దొరికాయన్నది దాని తరవాతి మాట.

ముందు ల్యాబు రిపోర్టు సంగతి. అది అబద్ధం కానక్కర్లేదు. మీరు సీసా ముంచిన నిమిషంలో నీళ్ళు అలాగే ఉండి ఉంటాయి. చాలామంది పొద్దున పదకొండుకో మధ్యాహ్నమో వెళ్ళి నీళ్ళు పడతారు. ఎండ బాగా ఉన్న వేళ రాళ్ళ మీది పాచి ప్రాణవాయువుని వదులుతూ ఉంటుంది కాబట్టి మురుగు కలిసిన నీళ్ళలో కూడా ఆక్సిజన్ బాగానే చూపిస్తుంది. రాత్రంతా అదే పాచి, బురదలోని బాక్టీరియా కలిసి దాన్ని తినేస్తాయి. తెల్లవారకముందు కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. 25 డిగ్రీల నీళ్ళలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా లీటరుకి సుమారు 8.3 మిల్లీగ్రాములే పడుతుంది, 30 డిగ్రీలకి 7.6. మన వేసవిలో మొదలే నిల్వ తక్కువ, అందుకే కొంచెం మురుగు కూడా ఎక్కువ దెబ్బ తీస్తుంది. రాయి కింద అతుక్కుని బతికే పురుగుకి మాత్రం ఆ తెల్లవారుజాములన్నీ లెక్కే. రాత్రిపూట వదిలే నీళ్ళూ, ఆదివారం మాత్రమే వదిలే నీళ్ళూ దాని మీదుగానే పోతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చల్లని దేశాల్లో మేఫ్లై (నీళ్ళలో పెరిగి, రెక్కలొచ్చాక ఎగిరిపోయే ఒక కీటకం) పిల్ల ఏడాది దాకా నీళ్ళలో ఉంటుందని చదివి, మన పురుగులూ ఏడాది చరిత్ర చెబుతాయనుకోకండి. మన వేడికి అవి తొందరగా పెరిగి ఎగిరిపోతాయి. కొన్ని రకాలకి కొన్ని వారాలే, మరికొన్నింటికి కొన్ని నెలలు. కాబట్టి మీ సర్వే చెప్పేది గడిచిన ఒకటి రెండు నెలల సంగతి.

ఎప్పుడు వెళ్ళాలి

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. మనకి జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వానకాలం, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. పెద్ద వరద వస్తే అడుగు రాళ్ళన్నీ దొర్లి పురుగులు కొట్టుకుపోతాయి, అవి మళ్ళీ చేరడానికి మూడు నాలుగు వారాలైనా ఇవ్వాలి. తుపాను వెళ్ళిన వారానికే వల వేసి "గెడ్డ చచ్చిపోయింది" అని రాసేవాళ్ళున్నారు, అది వరద పని. ఏప్రిల్, మే నెలల్లో చిన్న గెడ్డలు చాలావరకు ఎండి మడుగులుగా విడిపోతాయి. అప్పుడు దొరికేవి మడుగుల్లో ఇరుక్కున్న పెంకుపురుగులు, నీటి నల్లులు. వాటిని జనవరి లెక్కతో పోల్చకూడదు. ఎండటం కూడా జబ్బు కాదు, మన గెడ్డల స్వభావమే అంత. ఏటా చేయదలిస్తే ఏటా అదే పక్షంలో చేయండి.

ఎక్కడ పట్టాలి

రాళ్ళ మీదుగా గలగలా పారే చోటు, మోకాలి లోతుకి మించనిది. మూడుచోట్లా అలాంటిదే దొరకాలి. పైన గులకరాళ్ళ మీద పట్టి, కింద బురద మడుగులో పడితే తేడా వస్తుంది, కానీ ఆ తేడా నీళ్ళదా అడుగుదా అన్నది ఎవరూ చెప్పలేరు. కొత్తవాళ్ళు చేసే సర్వేలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

పైచోటు ఎంపిక అన్నిటికన్నా ముఖ్యం. కాలువలు కలిసే చోటికి కనీసం యాభై అరవై మీటర్ల ఎగువన, ఇళ్ళూ దోబీఘాటూ లేని చోట తీసుకోండి. మీ గెడ్డ పుట్టుక కంబాలకొండ అభయారణ్యం లోపల అయితే, అక్కడ పురుగుని పట్టాలన్నా అటవీశాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. 1972 వన్యప్రాణి చట్టం వర్తించే నేల అది. "పురుగులే కదా" అంటే కుదరదు.

పైచోటు కూడా పాడైపోయి ఉంటే పోల్చడానికి ఇంకో గెడ్డ వెతకాలి. అప్పుడు అనంతగిరి వైపు పరిగెత్తకండి. అక్కడ నీళ్ళు చల్లన, వాలు ఎక్కువ. సముద్రమట్టానికి దగ్గర్లో ఉన్న మీ గెడ్డ ఎంత శుభ్రంగా ఉన్నా అక్కడి పురుగులు ఇక్కడ ఉండవు. పైగా బొర్రా చుట్టూ సున్నపురాయి నేల. గవ్వ కట్టుకోవడానికి కాల్షియం దండిగా దొరికే అలాంటి నీళ్ళలో నత్తలు సహజంగానే ఎక్కువ, అది మురుగుకి గుర్తు కాదు. సింహాచలం, కంబాలకొండ వరసలో, మీ గెడ్డంత వెడల్పే ఉండి, అదే ఎత్తులో పారే గెడ్డే మీకు సరైన జోడి. ఇంకో మాట: గోస్తనీ భీమిలి దగ్గర సముద్రంలో కలిసే చోటులా పోటు నీళ్ళు ఎక్కే భాగాల్లో ఈ పద్ధతి అసలు పనికిరాదు. ఉప్పు తగిలితే మంచినీటి పురుగులు ఎలాగూ ఉండవు.

వల

దోమతెర గుడ్డతో కుట్టించకండి. దాని కన్ను ఒక మిల్లీమీటరు పైనే ఉంటుంది, చిన్న మేఫ్లై పిల్లలన్నీ జారిపోతాయి. కావలసింది 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కన్ను. భీమిలి తీరం పొడవునా రొయ్యల హేచరీలున్నాయి కదా, వాటికి సామాను అమ్మే దుకాణాల్లో బోల్టింగ్ క్లాత్ మైక్రాన్ల లెక్కన మీటర్లలో అమ్ముతారు. చట్రం 25 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు, అడుగువైపు చదునుగా ఉండాలి. గుండ్రటి చట్రం అడుగుకి ఆనదు, పురుగులు కింద నుంచి తప్పించుకుంటాయి. సంచి లోతు అర మీటరు ఉంచండి. లోతు తక్కువైతే నీళ్ళు వెనక్కి తన్ని పట్టినవి బయటికి పోతాయి. టైలరు కుట్టేటప్పుడు చట్రం చుట్టూ మందపు కాన్వాస్ పట్టీ వేయించండి, లేకపోతే రాళ్ళకి ఒరుసుకుని మొదటి రోజే చిరుగుతుంది.

పట్టే పద్ధతి

కిందిచోటు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళండి. పైన మొదలుపెడితే మీరు కదిపిన పురుగులు, బురద కొట్టుకొచ్చి కిందిచోటు లెక్క చెడగొడతాయి. ఇందులో చిక్కు ఏమిటంటే మురికిచోట ముంచిన వల శుభ్రమైన చోటికి వస్తుంది. అందుకే ప్రతి చోటికీ మధ్య వలని తిరగేసి, బకెట్ నీళ్ళలో బాగా జాడించి, కుట్లలో ఇరుక్కున్న ఎర్రపురుగుల్నీ చిన్న నత్తల్నీ ఏరేయాలి.

వల చదును అంచు అడుగుకి ఆనించి, నోరు ప్రవాహానికి ఎదురుగా పెట్టండి. మీరు వలకి ఎగువన నిలబడి, ముందున్న అడుగు నేలని బూటు మడమతో కెలకండి. పెద్ద రాళ్ళని చేత్తో తీసి, వల నోటి దగ్గర తోమి పక్కన పెట్టండి. ఒక్కోచోట మొత్తం మూడు నిమిషాలు, స్టాప్‌వాచ్ పెట్టుకుని. ఆ మూడు నిమిషాల్ని పారే నీళ్ళు, ఒడ్డు వేళ్ళు, ఆకు కుప్పల మధ్య, అవి అక్కడ ఎంత భాగం ఉన్నాయో అంతే వంతున పంచండి. ఆపైన ఒక నిమిషం రాళ్ళ అడుగున అతుక్కున్నవాటిని చేత్తో ఏరండి. ప్రతిచోటా కొంచెం దూరం జరుగుతూ ఇలా మూడుసార్లు చేస్తేనే తేడా నమ్మదగ్గది. ఒక్కసారి పట్టి "పైన పది కుటుంబాలు, కింద ఎనిమిది" అంటే (కుటుంబం అంటే దగ్గరి పోలికలున్న పురుగు రకాల గుంపు) ఆ రెండు కుటుంబాల తేడా కేవలం అదృష్టం కావచ్చు.

పట్టినదాన్ని తెల్ల పళ్ళెంలో, వేలి మందం నీళ్ళలో పరచండి. పళ్ళెం నీడలో ఉండాలి. ఎండలో పెడితే చూస్తుండగానే నీళ్ళు వేడెక్కి స్టోన్‌ఫ్లైలూ చదును మేఫ్లైలూ (వీటి గుర్తులు కింద చెబుతాను) ముందు చస్తాయి, చచ్చి కదలకపోతే కంటికి ఆనవు. కంటికి ముందు దొరికేవి పెద్దవి, చురుకుగా తిరిగేవి. అందుకే పళ్ళెం అడుగున గళ్ళు గీసి, గడి తరవాత గడి చొప్పున అరగంట ఏరండి. పిల్లలు బాగా చేస్తారు ఈ పని, మీ కళ్ళకన్నా వాళ్ళ కళ్ళు మెరుగు. పీతలు దొరికితే వెంటనే వేరు చేయండి, డబ్బాలో మిగతావాటిని నమిలేస్తాయి.

గుర్తుపట్టలేనివి దాచాలంటే 70 శాతం ఆల్కహాల్ కావాలి. ఇథైల్ ఆల్కహాల్‌కి అనుమతుల గొడవ ఉంటుంది, ఐసోప్రొపైల్ మెడికల్ షాపులోనే దొరుకుతుంది. పురుగుల ఒంట్లో నీళ్ళు కలిసి పలచబడుతుంది కాబట్టి మర్నాడు ఒకసారి మార్చండి. చీటీ సీసా లోపల వేయాలి, పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోయి, వారం తరవాత చూస్తే తెల్ల కాగితం మిగులుతుంది. ఏ సీసా ఏ చోటుదో తెలియకపోతే పడ్డ శ్రమంతా వృథా.

ఏది ఏమిటి

జాతి దాకా పోనక్కర్లేదు, కుటుంబం దాకా చాలు. ముందు ఈ మూడు గుంపులు నేర్చుకోండి.

మేఫ్లై పిల్లలు: చివర సాధారణంగా మూడు తోకలు, పొట్ట పక్కల ఆడుతూ ఉండే మొప్పలు, కాలికి ఒకే గోరు. ఇందులో హెప్టజీనిడే అనేవి పల్చగా, రాయికి అంటుకుని, కళ్ళు నెత్తి మీద పెట్టుకుని ఉంటాయి. రాయి తిప్పితే పక్కకి జారతాయి. ఇవి ఉంటే శుభవార్త. బీటిడే అనేవి సన్నగా, చటుక్కున ఈదేవి, కొంత మురుగుకి తట్టుకుంటాయి. కేనిడే పిల్లల మొప్పల మీద చదరపు మూతలు రెండు ఉంటాయి, అందుకే సన్న బురదలోనూ ఊపిరాడుతుంది.

స్టోన్‌ఫ్లై పిల్లలు: రెండే తోకలు, కాలికి రెండు గోళ్ళు, మొప్పలు ఉంటే చంకల దగ్గర పీచులా. మన వైపు దొరికేవి చాలావరకు పెర్లిడే. నగరం పక్క గెడ్డల్లో ఇవి లేనంత మాత్రాన కంగారు పడకండి. వెచ్చని మైదానపు నీళ్ళు వీటికి మొదలే పడవు.

కాడిస్ పిల్లలు: తోకలుండవు, చివర రెండు కొక్కాలు. కొన్ని ఇసుకతోనో ఆకు ముక్కలతోనో గూడు కట్టుకుంటాయి. హైడ్రోసైకిడే గూడు మోయదు, రాళ్ళ మధ్య వల అల్లుకుని కూచుంటుంది. దీని పొట్ట కింద మొప్పలు గుబురుగా, వీపు ముందు మూడు గట్టి పలకలు. కొట్టుకొచ్చే తిండి పెరిగితే ఇవి పెరుగుతాయి, కాబట్టి కొద్దిపాటి మురుగు తొలి గుర్తు ఇవే కావచ్చు.

అందరూ పొరపడేది ఒకటి: సన్న తూనీగ పిల్లకీ చివర మూడు ఉంటాయి, కానీ అవి ఆకుల్లా పల్చగా ఉండే మొప్పలు. పొట్ట పక్కల మొప్పలుండవు, మూతి కింద మడిచిన పెదవి ఉంటుంది. దాన్ని మేఫ్లై అని రాస్తే మీ మురికిచోటు ఒక్కసారిగా శుభ్రపడిపోతుంది.

మురికివైపు చూస్తే: కైరోనోమిడే ఎర్రపురుగులు (ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండబట్టి ఆ ఎరుపు, ఆక్సిజన్ తక్కువున్నా నెట్టుకొస్తాయి), ట్యూబిఫెక్స్ లాంటి సన్న వానపాములు, గొట్టంలాంటి తోక నీటి పైకి చాచి ఊపిరి పీల్చే ఈగ పురుగు, ఫైసా నత్త. ఫైసాని గుర్తుపట్టడం తేలిక. కొన పైకి, నోరు మీవైపు పెట్టి చూస్తే నోరు ఎడమ పక్కకి తెరుచుకుంటుంది. మిగతా పొడుగు గవ్వ నత్తలకి కుడి పక్కకి.

మార్కులు ఎలా వేయాలి, ఎంతవరకు నమ్మాలి

బ్రిటన్‌లో పుట్టిన బి.ఎం.డబ్ల్యూ.పి. (బయలాజికల్ మానిటరింగ్ వర్కింగ్ పార్టీ) పద్ధతిలో ప్రతి కుటుంబానికీ 1 నుంచి 10 దాకా మార్కులు. సున్నితమైనదానికి ఎక్కువ. ఒక కుటుంబం ఒక్కటి దొరికినా వంద దొరికినా మార్కు అంతే. మొత్తాన్ని కుటుంబాల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. మొత్తం కన్నా సగటే నమ్మదగ్గది, ఎందుకంటే ఎంతసేపు ఏరారన్నదాన్ని బట్టి మొత్తం మారిపోతుంది, సగటు అంతగా మారదు.

ఊహకి ఒక లెక్క. పైచోట హెప్టజీనిడే 10, లెప్టోఫ్లీబిడే (ఇంకో మేఫ్లై) 10, ఫిలోపొటామిడే (ఒక కాడిస్) 8, గాంఫిడే (తూనీగ) 8, హైడ్రోసైకిడే 5, ఎల్మిడే (పెంకుపురుగు) 5, సిములిడే (నల్ల ఈగ) 5, గెరిడే (నీటి మీద నడిచే పురుగు) 5, బీటిడే 4, కైరోనోమిడే 2 దొరికాయనుకోండి. మొత్తం 62, పది కుటుంబాలు, సగటు 6.2. కిందిచోట హైడ్రోసైకిడే 5, బీటిడే 4, ఫైసిడే (ఫైసా నత్త) 3, లిమ్నేయిడే (ఇంకో నత్త) 3, కైరోనోమిడే 2, వానపాములు 1. మొత్తం 18, ఆరు కుటుంబాలు, సగటు 3. సగటు 6 దాటితే శుభ్రమనీ, 4 లోపుంటే బాగా చెడిందనీ వాడుక. మీ పని ఆ గీతలతో కాదు, 6.2 ఎక్కడ 3 అయిందన్నదానితో.

ఆ మార్కుల్ని కళ్ళు మూసుకుని వాడకూడదు కూడా. లిబెల్యులిడే తూనీగలకి బ్రిటన్ 8 ఇచ్చింది. మన దగ్గర ఆ కుటుంబం తూనీగల్లో కొన్ని మేడ మీది సిమెంటు తొట్టెల్లో కూడా పెరుగుతాయి. మన ఇసుకలో విరివిగా దొరికే థయారిడే పొడుగు నత్తలకి ఆ జాబితాలో చోటే లేదు. అందుకే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మన దేశానికి సరిపడేలా మార్చిన జాబితా వాడండి. అందులో మార్కుల సగటుతో పాటు వైవిధ్యం లెక్క కూడా చూసి, A నుంచి E దాకా తరగతి ఇస్తారు. A శుభ్రం, E తీవ్ర కాలుష్యం.

వైవిధ్యం లెక్కకి పేర్లు కూడా రానక్కర్లేదు. ఏరినవాటిని ఎంచకుండా, చేతికి వచ్చిన వరసలో ఒకదాని పక్కన ఒకటి పెట్టండి. ప్రతిదాన్నీ దాని ముందుదానితో మాత్రమే పోల్చండి. వేరే రకమైతే కొత్త వరస మొదలైనట్టు, అదే రకమైతే పాత వరసే. వరసల సంఖ్యని మొత్తం పురుగుల సంఖ్యతో భాగించండి. 50 పురుగుల్లో 30 వరసలు వస్తే 0.6. మురుగు గెడ్డలో 50లో 45 ఎర్రపురుగులే అయి, పదకొండు వరసలకి మించవు. ఇందులో మోసం ఒకచోటే ఉంది: అందంగా ఉంటుందని పెద్దవీ చిన్నవీ మార్చి మార్చి పేర్చారంటే విలువ పెరిగిపోతుంది.

ఏం పోయిందో చూసి, ఏం తగిలిందో ఊహించడం

ఇది మార్కుల్లో కనిపించదు, మనిషే చూడాలి. అందుకే మొత్తం పనిలో నాకు విలువైనదిగా తోచేది ఇదే.

మురుగు కలిస్తే సున్నితమైనవి పోయి, మిగిలిన ఒకటి రెండు రకాలు విపరీతంగా పెరుగుతాయి. రకాలు తక్కువ, పురుగులు ఎక్కువ. రాళ్ళ మీద బూడిదరంగు జిడ్డు పీచు పట్టి ఉంటుంది, రాయి ఎత్తితే అడుగు నల్లగా.

విషం తగిలితే రకాలూ తక్కువే, పురుగులూ తక్కువే. పురుగుమందు అయితే మరీ విచిత్రంగా ఉంటుంది: కీటకాలన్నీ తుడిచిపెట్టుకుపోయి నత్తలూ వానపాములూ నిక్షేపంగా ఉంటాయి. నీళ్ళు చూస్తే తేటగా, వాసన లేకుండా. ఎగువన తోటలున్నా, దోమల మందు కాలువల్లో కొట్టినా ఇది గుర్తుంచుకోండి.

మన్ను కప్పితే వేరు. విశాఖ కొండల ఖొండలైట్ రాయి అరిగి ఎర్రటి సన్న మన్ను అవుతుంది. ఎగువన లేఅవుట్ కోసం కొండ చెక్కితే తొలివానకే గెడ్డ అడుగు పూడుతుంది. రాళ్ళ మధ్య సందులు మూసుకుపోయి హెప్టజీనిడే, కాడిస్‌లు పోతాయి. కేనిడే, ఇసుకలో దూరే గాంఫిడే తూనీగ పిల్లలు నిలుస్తాయి. పరీక్ష సులువు: అడుగు రాయి ఒకటి పైకి లాగండి. తేలిగ్గా ఊడితే సరే, మన్నులో సగం దిగబడి, లాగితే ఎర్రమేఘం లేస్తే మీ సమస్య మురుగు ఒక్కటే కాదు.

వాషింగ్ షెడ్డుకి ప్రత్యేకంగా ఒకటి చూడండి. నీటి మీద నడిచే గెరిడే పురుగులు నీటి పైపొర బిగువు మీద నిలబడతాయి. సబ్బునీళ్ళు ఆ బిగువుని తగ్గిస్తాయి, వాటి కాళ్ళు తడిసి మునుగుతాయి. షెడ్డు కాలువకి పైన మడుగు నిండా ఉండి, కింద అలాంటి నిశ్చల మడుగులోనే ఒక్కటీ లేకపోతే సబ్బుని అనుమానించండి. అదే పురుగు నీళ్ళలో ఆక్సిజన్ ఉందో లేదో చెప్పదు, అది పీల్చేది గాలిని. నీటి తేళ్ళు, పెంకుపురుగుల్లో చాలా రకాలు కూడా అంతే. వాటిని చూసి "ప్రాణులున్నాయి కదా" అని సంతోషపడొద్దు. చేపలకీ ఇదే మాట: దోమల కోసం వదిలిన గంబూసియా, గప్పీలు నీటి పైపొరలో నోరు పెట్టి నెట్టుకొస్తాయి. అవి గుంపులుగా కనబడటం గెడ్డకి యోగ్యతాపత్రం కాదు, పైగా మీరు వెతికే పురుగుల్ని తినేవి అవే.

అనంతగిరి, అరకు వైపు చదువరులకి ఒక్క మాట: కాఫీ పళ్ళు గుజ్జు తీసే నీళ్ళు పులిసి, ఆమ్లంగా, ఆక్సిజన్‌ని పీల్చేసేవిగా ఉంటాయి. ఆ పని జరిగేది సరిగ్గా ఈ సర్వే చేసే నెలల్లోనే.

అడుగంతా సిమెంటు అయితే

నగరంలో చాలా గెడ్డలకి రెండు పక్కలా గోడ, కింద కాంక్రీటు. అక్కడ పురుగుల్లేకపోతే నీళ్ళు చెడ్డవని కాదు, ఉండటానికి రాయే లేదు. దీనికి ఉల్లిపాయల నైలాన్ సంచిలో పిడికిలంత గులకరాళ్ళు మూడు నాలుగు కిలోలు నింపి, జి.ఐ. తీగతో కట్టి, నీటి మట్టం కింద దించండి. మూడుచోట్లా ఒకే సైజు సంచులు. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి, తీసేటప్పుడు సంచి కింద వల పెట్టి ఎత్తండి. ఊరికే ఎత్తితే సగం పురుగులు దారిలో రాలిపోతాయి. పైకి కనబడేలా కడితే ఎవరో ఒకరు లాగి చూస్తారు, ఒకచోటికి రెండు సంచులు వేయడం మంచిది. కాంక్రీటు భాగంలో వేసిన సంచిలో మేఫ్లైలు చేరాయంటే నీళ్ళు బతికే ఉన్నాయి, పోయింది అడుగు.

పురుగుల పక్కన నీటి కొలతలు కొన్ని తప్పకుండా రాయండి: ఉష్ణోగ్రత, పి.హెచ్., ఆర్.ఓ. ఫిల్టరు వాళ్ళ దగ్గర దొరికే టి.డి.ఎస్. (నీళ్ళలో కరిగిన పదార్థాల లెక్క) మీటరు అంకె, వీలైతే సూర్యోదయానికి ముందు ఆక్సిజన్. టి.డి.ఎస్. ఒక్కదానితోనే ఏ కాలువ దగ్గర లెక్క ఎగబాకుతోందో గంటలో పట్టేయొచ్చు. గెడ్డ పొడుగునా నడుస్తూ ప్రతి ఇరవై అడుగులకి ఒకసారి ముంచి చూడండి. గట్టున నీడ ఎంతుందో, ఏ చెట్లో కూడా రాయండి. నీలగిరి ఆకు రాలిన చోట పురుగులు ఆ ఆకుని అంత తొందరగా తినవు, అక్కడ ఆకు కుప్పల్లో లెక్క తగ్గితే మురుగు మీద నెట్టకండి.

మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు, రబ్బరు చేతొడుగులు తప్పనిసరి. ఎలుకల మూత్రం కలిసే నీళ్ళు ఇవి, లెప్టోస్పైరోసిస్ గాయాల గుండా వస్తుంది. చేతికి దెబ్బ ఉంటే ఆ రోజు మీరు ఒడ్డునే ఉండి రాసే పని చూడండి. కొండ మీద మబ్బు పడితే నీళ్ళలోంచి బయటికి రండి, కింద వాన లేకపోయినా గెడ్డ పొంగుతుంది.

ఫలితం చేతికొచ్చాక దాంతో ఏం చేయాలన్నది కూడా ముందే తెలుసుకోండి. పురుగుల లెక్క చూపించి ఎవరి మీదా కేసు నిలబడదు. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం, అధికారి నోటీసిచ్చి, పద్ధతి ప్రకారం తీసిన శాంపిలే కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. మీరు సొంతంగా పట్టిన సీసా కూడా చెల్లదు. కాబట్టి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాసే అర్జీలో "గెడ్డ కలుషితమైంది" అని రాయకండి. పైచోట ఏయే కుటుంబాలు ఉన్నాయి, ఏ కాలువ కలిశాక అవి లేవు, టి.డి.ఎస్. ఏ గంటకి ఎంత పెరుగుతోంది, శాంపిల్ ఎక్కడ, ఏ వేళ తీయాలి అన్నది పటంతో సహా రాయండి. ప్రతి చోటుకీ గెడ్డవైపు ఒకటి, గట్టువైపు ఒకటి ఫొటో, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీసినవి జతచేయండి. పురుగుల సీసాలు పారేయకండి. కాలువ మళ్ళించాక వచ్చే ఏడాది అదే పక్షంలో మళ్ళీ పట్టినప్పుడు పోల్చాల్సింది వాటితోనే.